ఏడు పలకలు, ఒకే చేతిరాత

బోధన్ మాంసం బజారులో ఏడు మటన్ దుకాణాలున్నాయి. ఒక్కొక్క దుకాణం ముందు ఒక నల్ల పలక వేలాడుతుంది. దసరాకు ముందరి ఆదివారం ఆ ఏడు పలకల మీదా కిలో తొమ్మిది వందలని రాసి ఉంది. అంతకు ముందు ఆదివారం అది ఎనిమిది వందలు. దసరా నాడు మాంసం ఉడకని ఇల్లు మా వైపు అరుదు. గిరాకీ పెరిగితే ధర పెరుగుతుందని ముప్పై ఒక్క సంవత్సరాలు జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం బోధించిన నేనే పిల్లలకు చెప్పాను. గిరాకీ తగ్గితే ధర తగ్గుతుందనీ చెప్పాను. మొదటి వాక్యాన్ని బజారు శ్రద్ధగా పాటించింది. దసరా వెళ్లి ఆరు వారాలైనా రెండవ వాక్యం దానికి గుర్తు రాలేదు.

ఏడు దుకాణాల్లో ధర ఒక్కటే కావడాన్ని ఎవరైనా ఏదో విధంగా సమర్థించవచ్చు. ఏడు పలకల మీది అంకె ఒకే చేతితో రాసినది కావడాన్ని సమర్థించడం కష్టం. ఆ తొమ్మిదికి తల చిన్నది. తోక ఎడమకు కొడవలిలా వంగి, చివర కొంచెం పైకి లేస్తుంది. పక్కనున్న సున్నాలు రెండూ పూర్తిగా మూసుకోవు. వేల జవాబు పత్రాలు దిద్దిన కన్ను చేతిరాతను మరచిపోదు. ఒకరి పత్రం చూసి మరొకరు రాస్తే నేను పట్టుకునేదాన్ని. ఇక్కడ చూసి రాయడం కూడా లేదు. ఒక్కడే ఏడుగురి పరీక్ష రాశాడు.

ఈ సంగతి మొదట ఈరవ్వకు చెప్పాను. ఈరవ్వ మా పక్కింటి మనిషి, బీడీలు చుడుతుంది. ప్రతి ఆదివారం మేమిద్దరం కలిసి బజారుకు వెళ్తాం. ఐదుగురున్న ఆ ఇంటికి ఆమె అరకిలో తీసుకునేది. దసరా తర్వాత పావుకిలో తీసుకుంటున్నది.

"ఒకడు రాసిండో ఏడుగురు రాసిండ్రో నాకేం తెలుస్తదక్కా," అంది ఈరవ్వ. "ఏడు దుకాండ్లు తిరిగితే నా మోకాళ్లు నొచ్చుడే గని రేటు దిగుడు లేదు. గదొక్కటి తెలుసు."

బజారులో మొదటి దుకాణం విష్ణుది. అతడు నా దగ్గర ఇంటర్మీడియెట్ చదివాడు. ఇప్పుడు మటన్ వర్తకుల సంఘానికి పెద్ద. నేను పలక వైపు చూడడం గమనించి, మొద్దు మీది కత్తి పక్కన పెట్టి నవ్వాడు.

"మీరు చెప్పిన పాఠమే మేడం. డిమాండు, సప్లయి."

"ఆ పేపరు నువ్వు తప్పినవు," అన్నాను.

"తప్పినందుకే దుకాణం పెట్టిన. పాసైనోళ్లు ఇండ్లల్ల కూసున్నరు."

అతడి మనుషులిద్దరు మరాఠీలో ఏదో అనుకుని నవ్వారు. పలక ఎవరు రాస్తున్నారని అడిగాను. రేటు తాము పెట్టేది కాదనీ, పైనుంచి వస్తుందనీ చెప్పాడు. ఏ పైనుంచి అన్నాను. అతడు చూరు వైపు చూశాడు. అక్కడ ఒలిచిన గొర్రె ఒకటి వేలాడుతున్నది.

"బొక్కలు ఏరి ఎయ్యకు బిడ్డా," అంది ఈరవ్వ అతడి చేతులనే చూస్తూ. "నాయి రెండే పండ్లున్నయి. గవ్విటికి కూడ సంఘం పెడ్తవా ఏంది."

ఎనిమిదవ దుకాణం ఒకటి ఉంది. అది బజారులో లేదు. మూతబడిన చక్కెర కర్మాగారం వైపు వెళ్లే రోడ్డు మీద, ఒక సైకిల్ దుకాణం పక్కన ఉంది. దాన్ని నడిపేవాడు విజయ్ పాల్. మెథడిస్టు చర్చిలో అందరికీ తెలిసిన మనిషి. అతడి తండ్రి కర్మాగారంలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర పనిచేసేవాడు. కర్మాగారం ఆగిపోయిన తర్వాత ఆ ఇంటికి మిగిలిన విద్య తూకమొక్కటే అని అతడి తల్లి శారమ్మ అంటుంది. అతడి పలక మీద దసరాకు ముందు ఏడు వందల అరవై, దసరాకు ఏడు వందల అరవై, దసరా తర్వాత ఏడు వందల అరవై. రాత అతడిదే. సున్నా గుండ్రంగా, మూసుకుని ఉంటుంది.

ఎలా సాధ్యమని అడిగాను. మిగతావారు అంగడిలో దళారి దగ్గర కొంటారు. ఇతడు మెండోర వైపు గోదావరి ఒడ్డున మేపే గొల్లల దగ్గరికి తానే వెళ్లి, మందలోనే బేరం చేసి, ట్రాలీ ఆటోలో తెచ్చుకుంటాడు. దళారికి పోయేది కొనే మాకు మిగులుతుంది. ఇందులో దయ లేదు, మాయ లేదు. పోటీ అంటే ఏమిటో చెప్పడానికి పాఠ్యపుస్తకాలు పది పేజీలు తీసుకుంటాయి. విజయ్ పాల్ పలక ఒక్క పంక్తిలో చెప్పింది.

"సంఘపోళ్లు రెండుసార్లు వచ్చిండ్రు మేడం," అన్నాడు. "మాతోని సమానంగ పెట్టు అన్నరు. నేను అన్న, మీరే నాతోని సమానంగ పెట్టుండ్రి, నాకేం ఎతిరేకం లేదని."

"ఏమన్నరు?"

"ఏమనలే. కబేళా కాడ నా నంబరు ఆఖరుకు పోయింది."

పట్టణంలో గొర్రెను కోయాలంటే కబేళాలో కోయాలి. అక్కడ డాక్టరు చూసి, మాంసం మీద నీలం ముద్ర వేయాలి. ఎవరి వంతు ఎప్పుడన్నది అక్కడ కూర్చునే సంఘం మనిషి చెబుతాడు. దసరా తర్వాత విజయ్ పాల్ వంతు ప్రతిసారీ చివరన వచ్చింది. ఆదివారం నాడు ముద్ర పడేసరికి తొమ్మిదిన్నర దాటేది. అప్పటికి కొనేవారు కొనుక్కుని ఇళ్లకు చేరేవారు. అందుకని ఆదివారాల్లో అతడు దుకాణం వెనుక, రేకుల చాటున, తానే కోయడం మొదలుపెట్టాడు. నేను చూశాను. శుభ్రంగా కడిగిన బండ, బొగ్గుల పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు. అది నియమానికి విరుద్ధమని నాకు తెలుసు. నియమాన్ని తప్పేలా అతడిని నెట్టినవారి మీదే నా దృష్టి అంతా ఉండింది. ఆ రేకుల చాటును నేను లెక్కలోకి తీసుకోలేదు.

అర్జీ రాయాలని నిర్ణయించుకున్నాను. ఆ వారం నాలుగు రోజులు రాశాను. తొమ్మిది పేజీలు వచ్చాయి, నాలుగుకు తగ్గించాను. ఏడు పలకల ఫొటోలు మూడు ఆదివారాలవి జతచేశాను. వర్తకులు కూడబలుక్కుని ధర నిర్ణయించడం చట్టవిరుద్ధమన్న సంగతి, ఆ చట్టం ఏ సంవత్సరానిదో, ఏ సెక్షనో, అన్నీ రాశాను. ఏడుగురు వర్తకుల పేర్లు మాత్రం రాయలేదు. ఆ రాత ఎవరిదో నా దగ్గర రుజువు లేదు. రుజువు లేకుండా ఒక మనిషి పేరు నిందలో పెట్టడం అన్యాయమని నా నమ్మకం. "మాంసం బజారులోని సదరు దుకాణదారులు" అని రాశాను. తక్కువ ధరకు అమ్మడం సాధ్యమేనని చూపడానికి ఒక ఉదాహరణ కావాలి. అక్కడ విజయ్ పాల్ పేరు, తండ్రి పేరు, దుకాణం ఉన్న చోటు పూర్తిగా రాశాను. అది ప్రశంస. ప్రశంసలో పేరు పెట్టడానికి జంకవలసిన అవసరం నాకు కనిపించలేదు.

బీడీలు చుడుతూ ఈరవ్వ ఆ అర్జీ మొత్తం విన్నది. ఒడిలోని చాటలో తునికాకు కత్తిరింపులు గలగలలాడాయి.

"అంత మంచిగనే ఉన్నది గని అక్కా, ఆ పిలగాని పేరు తీసెయ్యి."

"ఎందుకు? వాని గురించి మంచే రాసిన గదా."

"మంచో చెడ్డో ఆఫీసోళ్లకు ఏం ఎరుక. పేరు కనవడ్డదంటే మనిషి కాడికి పోతరు."

"పేరు లేని అర్జీ చెత్తబుట్టలకు పోతది ఈరవ్వా. ఊరు పేరు లేని మాట రుజువు కాదు, ముచ్చట."

"గట్లనా," అంది ఈరవ్వ. మరో ఆకు తీసుకుంది. వాదనలో నెగ్గానని నేను అనుకున్నాను.

అర్జీలు తీసుకునే సోమవారం నాడు నిజామాబాద్ బస్సెక్కాను. జిల్లా కార్యాలయంలో వరుస మెట్ల దాకా ఉంది. నా వంతు వచ్చినప్పుడు బల్ల వెనుక ఉన్న అధికారి మొదటి పేజీ చదివి, రెండవ పేజీ తిప్పి, ఫొటోలు చూసి, "రాత మంచిగ పోల్చిండ్రు మేడం," అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు. తర్వాత ధర తమ పరిధిలోకి రాదని చెప్పాడు. తూకం తక్కువైతే ఒక కార్యాలయం చూస్తుంది, కల్తీ అయితే మరొకటి చూస్తుంది, శుభ్రత అయితే పట్టణ కార్యాలయం చూస్తుంది. ధర ఎవరూ చూడరు. వర్తకులు కూడబలుక్కోవడాన్ని విచారించే సంస్థ ఢిల్లీలో ఉన్నదని నేనే అతడికి చెప్పాను. ఉంటే ఉండవచ్చునని అతడు ఒప్పుకున్నాడు. రసీదు ఇచ్చాడు. అర్జీ మీద ఎర్ర సిరాతో "తగు చర్య నిమిత్తం" అని రాసి, బోధన్‌కు పంపే కాగితాల కట్టలో పెట్టాడు.

ఢిల్లీకి కూడా ఒక ప్రతి రిజిస్టరు పోస్టులో పంపాను. దానికి ఈనాటికీ జవాబు లేదు.

తగు చర్య ఇరవై రోజుల తర్వాత, ఒక ఆదివారం, ఉదయం ఏడుంబావుకు జరిగింది. నేను చూడలేదు. నిరోష చెప్పింది. నిరోష ఈరవ్వ కోడలు, ఆ రోజు ముందుగా వెళ్లి విజయ్ పాల్ దుకాణం ముందు వరుసలో నిలబడింది. ఇద్దరు మనుషులు జీపు దిగారు. చేతిలో నా అర్జీ నకలు ఉంది. మూడవ పేజీలో విజయ్ పాల్ పేరు కింద, చిరునామా కింద ఎర్ర గీత ఉంది. దుకాణంలోకి వచ్చి ముద్ర ఏదని అడిగారు. ముద్ర లేదు. వెనుకకు వెళ్లి రేకుల చాటు చూశారు. బండ మీద నెత్తురు ఇంకా ఆరలేదు. కాంటా, రెండు కత్తులు జీపులో పెట్టుకున్నారు. దుకాణానికి తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, లక్క పోశారు. పలకను వదిలేశారు. అందులో వారికి తప్పేమీ కనిపించలేదు.

ఆ మధ్యాహ్నం విజయ్ పాల్ ఇంటికి వెళ్లాను. అతడు తిడతాడని సిద్ధపడి వెళ్లాను. శారమ్మ కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది. విజయ్ పాల్ గడప మీద కూర్చుని ఉన్నాడు.

"మంచిగ రాసిండ్రు మేడం," అన్నాడు. "సారు సదివి వినిపించిండు. 'ఇతని నిజాయితీ ఇతర వర్తకులకు ఆదర్శం' అని ఉన్నది గదా, గది రెండుసార్లు సదివిండు. నా గురించి గంత మంచిగ ఎవ్వలు రాయలే."

ఇచ్చిన చాయ్ తాగి లేచాను.

మరునాడు పట్టణ కార్యాలయానికి వెళ్లాను. నా ఫిర్యాదు ఆ ఏడు దుకాణాల మీదే గానీ ఈ ఒక్క దుకాణం మీద కాదని చెప్పాను. అక్కడి అధికారి చిన్నవాడు. మర్యాదగా కూర్చోబెట్టి, నా అర్జీని నా ముందే మళ్లీ తిరగేశాడు.

"ఏ ఏడు దుకాణాలు మేడం?"

"మాంసం బజారులవి. ఫొటోలున్నయి గదా."

"ఫొటోల పలకలున్నయి, పేర్లు లేవు. వాళ్ల మాంసం మీద ముద్ర ఉన్నది. మేము ఉన్న పేరు కాడికి పోయినం."

నేను ఇప్పుడు ఆ ఏడు పేర్లు రాసి ఇస్తానన్నాను. ఇవ్వమన్నాడు. ధర గురించి అయితే మళ్లీ నిజామాబాద్‌కే పంపాలని కూడా చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. నేను రాసినదాంట్లోనూ లేదు. ఇన్ని నిజాలు కలిసి ఒక మనిషి దుకాణానికి తాళం వేశాయి.

విష్ణు అంతకు ముందే విజయ్ పాల్ దగ్గరికి వెళ్లి వచ్చాడు. ఆ సాయంత్రం మళ్లీ వాళ్లింటికి వెళ్తే ఆ సంగతి విజయ్ పాలే చెప్పాడు.

"తాళం తీపిస్తనన్నడు. కబేళాల మొదటి నంబరు ఇప్పిస్తనన్నడు. పలక మాత్రం వాళ్ల మనిషి వచ్చి రాస్తడట."

"నువ్వేమన్నవు?"

"నా పలక నేను రాసుకుంట అన్న. 'మరి దుకాణం ఎందుకురా నీకు' అన్నడు." మళ్లీ తనే, "నిజమే గదా మేడం," అన్నాడు.

"ఈ పలక పిచ్చి వీని బాపుది," అంది శారమ్మ లోపలి నుంచి. "చెరుకు కాంటా కాడ ఒక్క కిలో అటు ఇటు రాయనియ్యకపోవు. ఏం సంపాయించిండు? గా కుర్చీ."

నేను కూర్చున్న కుర్చీ అదే.

నెల తిరిగేలోగా దుకాణం గది యజమాని దాన్ని వేరొకరికి ఇచ్చాడు. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. విజయ్ పాల్ చేతిలో మిగిలింది మెండోర గొల్లల పరిచయం. ఆ పరిచయం విలువ బజారుకు తెలుసు. విష్ణు కబురు పెట్టాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు విజయ్ పాల్ అక్కడి నుంచి గొర్రెలు తెచ్చి ఏడు దుకాణాలకూ ఇస్తాడు. గొర్రెకు ఇంతని కమీషను తీసుకుంటాడు. దళారి అవసరం తప్పింది గనుక ఆ ఏడుగురికీ గొర్రె ఇప్పుడు చవకగా పడుతున్నది. పలకల మీద ధర తొమ్మిది వందలే. తోక ఎడమకు వంగిన ఆ తొమ్మిదిని ప్రతి ఆదివారం చూస్తున్నాను. ఖర్చు తగ్గితే ధర తగ్గుతుందని కూడా నేను పిల్లలకు చెప్పి ఉన్నాను.

చలికాలం చివర ఒకరోజు ఈరవ్వ వచ్చి, "శారమ్మ వాళ్ల తల్లిగారి ఊర్ల పోగులు ఏస్తున్నరు. నీకొకటి రాయమన్న," అంది.

పోగుల సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కొన్ని ఇళ్లవారు కలిసి ఒక గొర్రెను కొంటారు. మాంసాన్ని సమానమైన కుప్పలుగా, అంటే పోగులుగా వేసి, కొన్న ధరను ఇళ్ల లెక్కన పంచుకుంటారు. కోసినవాడికి కూలి బదులు ఒక పోగు. అక్కడ కిలో లేదు, పలక లేదు, సంఘం లేదు. ముద్ర లేని ఆ కోత ఏ నియమం కిందికి వస్తుందో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం ఉదయం షేర్ ఆటోలో వెళ్లాం. రోడ్డుకు రెండు పక్కలా ఒకప్పుడు చెరుకు ఉండేది, ఇప్పుడు వరి నాట్లు. శారమ్మ తమ్ముడి వాకిట్లో, కడిగిన నీలం టార్పాలిన్ మీద, విజయ్ పాల్ పన్నెండు పోగులు వేస్తున్నాడు. కాంటా లేదు. ప్రతి పోగులో మెత్తని మాంసం, ఒక నల్లి బొక్క, చారెడు బోటి, కారిజం నుంచి ఒక్కొక్క ముక్క. ఒక పోగు చూసి, మరో పోగులోంచి ముక్క తీసి ఇందులో వేసి, దూరంగా జరిగి మళ్లీ చూస్తున్నాడు. దుకాణం పోయిన తర్వాత అతడి ముఖంలో ఆ శ్రద్ధ నేను చూడడం అదే మొదటిసారి. వారానికి ఒక్క ఉదయం. మిగతా రోజుల్లో అతడు ఏడు పలకలకు గొర్రెలు తోలుతాడు.

పోగులు పూర్తయ్యాక ఒకరు గోడ వైపు తిరిగి నిలబడాలి. మరొకరు ఒక పోగు మీద చెయ్యి పెట్టి ఎవరికని అడుగుతారు. తిరిగి నిలబడ్డ మనిషి ఒక పేరు చెప్పాలి. చెప్పిన పేరుకు ఆ పోగు. వెనుకకు చూడకూడదు.

"కొత్తగ వచ్చినోళ్లు తిరుగుతరు మేడం. అది మా పద్దతి," అంది శారమ్మ. "పన్నెండు పేర్లు యాదికుంటయా? కాయితం ఇయ్యాల్నా?"

"వద్దు వద్దు," అంది ఈరవ్వ. "అక్క రాసుడు బందు పెట్టింది."

వాకిట్లో అందరూ నవ్వారు. విజయ్ పాల్ కూడా నవ్వాడు. నేను గోడ వైపు తిరిగాను. సున్నం పెచ్చులూడిన గోడ. నా వెనుక ఏ పోగు ఎక్కడున్నదో అప్పటికే మరచిపోయాను. శారమ్మ అడగడం మొదలుపెట్టింది.

"ఇది ఎవలకు?"

"ఈరవ్వకు."

"ఇది?"

శారమ్మ తమ్ముడి పేరు చెప్పాను. తర్వాత ఒక బీడీ కార్మికురాలి పేరు, తర్వాత ట్రాక్టరు నడిపే అతడి పేరు. ఒక్కొక్క పేరు పలకగానే ఒక సంచి తెరుచుకున్న చప్పుడు. ఐదవసారి అడిగినప్పుడు చెప్పవలసిన పేరు నోటి దాకా వచ్చి ఆగింది. ఆ పేరును నేను చివరిసారి పూర్తిగా, తండ్రి పేరుతో, చిరునామాతో, బాగా ఆలోచించి, రుజువులతో రాశాను. శారమ్మ చెయ్యి ఏ పోగు మీద ఉన్నదో, అందులో ఏమున్నదో, అది అతడికి మేలో కీడో నాకు తెలియదు. తెలుసుకునే వీలూ లేదు.

"అన్ని పోగులు ఒక్క తీర్గనే ఉన్నయి మేడం," అంది శారమ్మ నా వెనుక నుంచి. "గంత ఆలోచన ఎందుకు? ఎవల పేరన్న సెప్పుండ్రి."

"విజయ్ పాల్," అన్నాను.

సంచి తెరుచుకున్న చప్పుడు వినిపించింది. శారమ్మ చెయ్యి తర్వాతి పోగు మీదికి జరిగినట్టుంది.

"ఇది ఎవలకు?"